ముడి వెయ్యని సంచి

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం రెండు చోట్ల ఉండేవి. మేం తినేవి రేకు డబ్బాలో, దేవుడివి పొయ్యి పక్కన చిన్న కుండలో. పూటపూటా ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ఆ కుండలో వెయ్యాలి. మా పేటలో ఉన్నవి పాతిక గడపలు, అన్నీ క్రైస్తవుల ఇళ్ళే, ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఒకటి ఉండేది. గంజి కాచుకునే రోజైనా సరే దేవుడి పిడికెడు మానకూడదు. శనివారం సాయంత్రం ఆ బియ్యం గుడ్డ సంచుల్లో పోసి గుడికి పంపేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాటిని పేటలో ముసలివాళ్ళకీ, మంచం పట్టినవాళ్ళకీ పంచేవారు. ఆ సంచుల మూతి ఎవరూ ముడి వేసేవారు కారు. కాస్త మెలిపెట్టి ఇచ్చేవారు, అంతే. దేవుడి బియ్యానికి ముడేమిటి, దొంగెవరు, అని.

ఈ మధ్య ఆదివారం బడిలో ఒక పిల్ల లేచి నన్ను అడిగింది. దేవుడికి అంత దయ ఉంటే మరి శిక్ష ఎందుకు వేస్తాడు మామ్మా, శిక్ష వేసేవాడైతే దయ ఉందని ఎందుకు చెబుతారు, అని. నాకు వాక్యాలు నోటికి వచ్చు. నలభై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నదాన్ని. అయినా ఆ రోజు మాత్రం ప్రార్థన చేసుకుందాం రండి అని తప్పించుకుని ఇంటికొచ్చేశాను. చెప్పాల్సింది తలుపు తాళం తీస్తున్నప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, ఎవరికి చెప్పను? అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నాకు మూడేళ్ళు నిండకుండానే మా అమ్మ పోయింది. నాన్న విశాఖపట్నంలో పనికని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తర్వాత మామ్మ కూడా పోయింది. ఇంట్లో మిగిలింది నేనూ, మా తాతా. తాత బెల్లం వండేవాడు. చెరుకు గానుగలాడే నెలలన్నీ ఆయన రైతుల పెనాల దగ్గరే ఉండేవాడు. చీకటితో వెళితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఆదివారం మాత్రం ఉతికిన పంచె కట్టుకుని సంఘ పెద్ద అయిపోయేవాడు. పాస్టరు గారు చోడవరం నుంచి సైకిలు మీద నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వడానికి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది మా తాతే. గుడిలో ఎంత మాట్లాడేవాడో ఇంట్లో అంత మౌనం. ఇంట్లో మనిషి మాట వినబడాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకునేదాన్ని కూడా. అన్నం ఉడికిందా అని నేనే అడిగి, ఉడికింది అని నేనే చెప్పుకునేదాన్ని.

పక్కింటి అక్క లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. వరసకి అత్త అవుతుంది. "అత్తా అంటే ముసల్దాన్నయిపోయినట్టుంటాది, అక్కా అనవే" అని తనే నేర్పింది. ఆమె మొగుడు చెప్పకుండా ఎటో వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి చూడలేదు. పిల్లల్లేరు, పుట్టింట్లో ఎవరూ లేరు. కూలికి వెళ్ళొచ్చి మిగిలిన పొద్దంతా గుడిలోనే ఉండేది. ఊడవడం, చాపలు పరవడం, ప్రార్థనయ్యాక మడతపెట్టడం ఆమె పని. ఎవరూ అప్పగించలేదు, తనే పెట్టుకుంది. శనివారం ఇల్లిల్లూ తిరిగి సంచులు పోగుచేసి గుడికి చేర్చేదీ ఆమే. నన్ను తోడు తీసుకెళ్ళేది. ఒక చేత్తో తలమీద గంప పట్టుకుని ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకునేది. వారం మొత్తంలో నా చెయ్యి ఎవరైనా పట్టుకున్నారంటే ఆ శనివారం సాయంత్రమే. అందుకని శుక్రవారం రాత్రే గోళ్ళు శుభ్రం చేసుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఇక నా ఘనకార్యం చెబుతాను.

శనివారాల్లోనే జీళ్ళవాడు వచ్చేవాడు. సైకిలు వెనక గాజు పలకల డబ్బా, అందులో నువ్వులు అద్దిన బెల్లం జీళ్ళు. పాత ఇనుము ఇచ్చినా, బియ్యం ఇచ్చినా జీళ్ళు ఇచ్చేవాడు. బెల్లం వండేవాడి మనవరాలికి బెల్లం మీద యావ ఏమిటని మీరు అడగచ్చు. బెల్లం వేరు, జీళ్ళు వేరు! పళ్ళకి అతుక్కుని సాగుతుంటే ఆ రుచి వేరు. అక్క ఏ ఇంట్లోనైనా కాసేపు మాటల్లో పడితే గంప నా దగ్గర వదిలేది, కాపలా ఉండవే అని. నేను కాపలా ఉండేదాన్ని. పిల్లి పాలకి కాపలా ఉన్నట్టు ఉండేదాన్ని. ఒక సంచిలోంచి ఒక గుప్పెడు, మరో సంచిలోంచి మరో గుప్పెడు. గౌను ఒళ్ళో వేసుకుని సందు చివరకి పరుగు. మొదటి శనివారం పదిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. రెండోసారి అంత లేదు. నాలుగోసారికి ఏ సంచి నిండుగా ఉందో ముందే చూసిపెట్టుకునేదాన్ని. పాపం అలాగే అలవాటవుతుంది కాబోలు, జీళ్ళకంటే తేలిగ్గా.

మా ఎదురింటి పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె కొడుక్కి జ్వరం తగ్గితే దేవుడి సంచి మూతిదాకా నింపి ఇస్తానని మొక్కుకుంది. కొడుకు లేచాడు, ఆమె నింపి ఇచ్చింది. ఆదివారం గుడిలో చూసుకుంటే సంచి సగానికి దిగి ఉంది. ఇంకేముంది! "ఓలమ్మో, దేవుడి నోటికాడ కూడు లాగేసుకున్నారమ్మా" అని గుండెలు బాదుకుంది. మిగతా ఆడవాళ్ళూ తమ సంచులు ఎత్తి చూసుకున్నారు. మావీ తగ్గేయి, మావీ తగ్గేయి అన్నారు. సంచులు మోసేది అక్క. నిప్పు లేందే పొగ రాదు కదా అంది పెద్దమ్మ. ప్రార్థన ముగిశాక పెద్దలు చాపమీద కూర్చుని అక్కని నిలబెట్టారు.

"నాను తియ్యనేదు" అంది అక్క. ఒక్కమాటే.

అప్పుడు నన్ను పిలిచారు. మా తాతే అడిగాడు. "ఒసే, నువ్వు దాని ఎంటే ఉంటావు గదా. దార్లో సంచుల్లో సెయ్యెట్టిందా? భయపడకుండా సెప్పు."

లేదంటే మరెవరు అంటారు. మరెవరు అంటే నేనే. ఇదంతా ఆ కాస్తలోనే నా బుర్రలో తిరిగింది. పదేళ్ళ పిల్లకి అంత తెలివి ఎక్కడిదో. తల ఊపాను. నోటితో అబద్ధం ఆడలేదు, తల మాత్రం ఊపాను. అబద్ధమాడకూడదని కదా ఆజ్ఞ, తల ఊపకూడదని లేదు కదా అని ఆ తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

అక్క నావైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత పైట తలమీదికి లాక్కుంది. మళ్ళీ ఎవరేం అడిగినా నోరు విప్పలేదు. "సూసేరా, మాట పడిపోయింది" అంది పెద్దమ్మ. తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్లకి దూరంగా ఉంచాలని పెద్దలు తీర్పు చెప్పారు. ఆ మాట పలికింది మా తాత.

బల్లకి దూరం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. గుడికి రావచ్చు, పాటలు పాడచ్చు. కానీ అందరితో కలిసి చాపమీద కూర్చోకూడదు. చాపలు అయిపోయాక గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోవాలి. నెల మొదటి ఆదివారం రొట్టె, గిన్నె ఒకరి చేతినుంచి ఒకరికి వస్తాయి. చివరి చాపదాకా వచ్చి అక్కడినుంచి వెనక్కి తిరిగిపోతాయి. అక్కకి ఇక్కడ మొగుడు లేడు, బిడ్డ లేడు, ఆ చాపమీద చోటు తప్ప ఇంకేమీ లేదు. ఆ చోటు నేను తీసేశాను. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. నాట్లకి పిలిచేవాళ్ళు కూడా ఆమె ఇల్లు దాటి వెళ్ళిపోయేవారు.

అయినా ఆమె గుడి ఊడవడం మానలేదు. అది వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు మరి.

ఆ శనివారం నుంచి సంచులు పెద్దమ్మే పోగుచేసేది. నాకు పని లేదు. జీళ్ళవాడి గంట వినిపిస్తే లోపలికెళ్ళి తలుపేసుకునేదాన్ని. పక్కింటి తలుపు కూడా మూసే ఉండేది. రెండిళ్ళకీ మధ్య మట్టిగోడ ఒక్కటే. గోడకి చెవి ఆనిస్తే అక్క చేటతో బియ్యం చెరిగే చప్పుడు వినిపించేది, తర్వాత కాసేపు ఆగి కుండలో బియ్యం రాలిన చిన్న చప్పుడు. అంటే ఆమె దేవుడి పిడికెడు మానలేదు. దొంగ అన్నవాళ్ళ కోసమే రోజూ వేస్తోంది. పైకి ఏడవడానికి కూడా సిగ్గేసి, నోరు నొక్కుకుని ఏడ్చేదాన్ని. ఇంట్లో అన్నం ఉడికిందా అని నన్ను నేను అడగడం కూడా మానేశాను. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

మధ్యలో ఒక ప్రసంగీకుడు వచ్చి నరకం బొమ్మ గీసిన గుడ్డ గోడకి తగిలించాడు. ఎర్రటి మంటలు, అందులో చేతులెత్తిన మనుషులు. పిల్లలంతా మొహాలు కప్పుకున్నారు. నేను మాత్రం వేళ్ళ సందులోంచి చూశాను, అందులో గౌను వేసుకున్న పిల్ల ఎవరైనా ఉందేమోనని. ఆ మంట అచ్చం మా తాత పెనం కింద పొయ్యిలాగే ఉంది. ఆ ప్రసంగీకుడే మళ్ళీ చివర్లో దేవుడు ప్రేమాస్వరూపి అని చెప్పి పాట పాడించాడు. ఆ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు. ఆదివారం బడిలో అడిగిన ఆ పిల్లలాగే నాకూ అర్థం కాలేదు.

రెండో బల్ల ఆదివారం కూడా గడిచింది. రొట్టె చివరి చాపదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. అందరూ వెళ్ళిపోయాక తాత కోసం నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్క చాపలు దులుపుతోంది. పొడుగు చాప మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అంతకుముందు అది మా ఇద్దరి పని. అక్క ఒక చివర పట్టుకుని నావైపు చూసి, "ఆ సివర పట్టుకోవే" అంది. రెండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. కోపంగా అనలేదు, గారాబంగానూ అనలేదు. చాప మడతపెట్టాలి కాబట్టి అంది. నేను పట్టుకున్నాను. ఎదురుగా నడిచాం. కొసలు కలిసేచోట ఆమె వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. చాప వదిలేసి పారిపోయాను.

మర్నాడు బడి ఎగ్గొట్టి గానుగ దగ్గరికి వెళ్ళాను. తాత పెనం ముందు నిలబడి తెడ్డుతో తిప్పుతున్నాడు. రసం పొంగి పొంగి పాకానికి వస్తోంది. ఆ సమయంలో ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అడుగంటిపోతుంది, రైతు కష్టమంతా మాడిపోతుంది. నాకు అదంతా తెలుసు. తెలిసీ అప్పుడే చెప్పేశాను. కాసేపు ఆగితే మళ్ళీ చెప్పలేనని నా భయం. జీళ్ళు, గౌను ఒళ్ళో బియ్యం, తల ఊపడం, అన్నీ ఏడుస్తూ ఆయన వీపుకి చెప్పాను. ఆయన వెనక్కి తిరగలేదు. తెడ్డు ఆగలేదు. ఒకసారి మాత్రం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమటో ఏమో. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా జన్మలో అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు.

పాకం దించి, అచ్చుల్లో పోసి, చేతులు కడుక్కుని అప్పుడు వచ్చి నా పక్కన చెరుకు పిప్పి మీద కూర్చున్నాడు. నేనెప్పుడు వెళ్ళినా పెట్టినట్టే చెరుకు ఆకుమీద వేడి బెల్లం కొంచెం పెట్టి నా చేతికిచ్చాడు. తినలేకపోయాను.

"తాతా, నన్ను దేవుడు ఆ మంటల్లో ఏసేస్తాడా?" అని అడిగాను.

"నా మనవరాల్ని నాను పొయ్యిలో ఏసుకుంటానేటే? మరి ఆయనెందుకు ఏస్తాడు" అన్నాడు.

అబ్బ, ప్రాణం లేచొచ్చింది. అయితే సరే, ఇంకేం! క్షమించేశావు కదా తాతా, ఇంక ఎవరికీ చెప్పొద్దు అన్నాను.

"నిన్ను నోరు ఇప్పినప్పుడే క్షమించీసేను. మరి దాని మాటేటి? రెండు నెల్లుగా సెప్పుల కాడ కూకుంటంది. దాన్ని అక్కడే వొదిలీసి నిన్ను ఎత్తుకోవాలంటే, దాని మీద కాలేసి నిలబడాలే నాను. ఆ పని నాను సెయ్యను. దేవుడూ సెయ్యడు."

"మరి నాకు శిచ్చ ఏస్తావా?"

"ఏస్తాను. నాక్కూడా ఉంటాది."

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. క్షమించాక శిక్షేమిటి, శిక్ష వేసేటప్పుడు క్షమించడమేమిటి? చేతిలో బెల్లం నేలకేసి కొట్టి ఇంటికి పరిగెత్తాను. దారిపొడుగునా నాకు అమ్మ ఉంటే ఇలా చేసేది కాదు అనుకున్నాను. ఆ మాట అక్క గురించి కూడా నిజమేనని, ఆమెకీ ఎవరో ఒకరుంటే ఆ రోజు గుడిలో ఆమె తరఫున లేచి నిలబడేవారని అప్పుడు తట్టలేదు.

ఆదివారం వచ్చింది. తాత నా చెయ్యి పట్టుకుని అందరి ముందుకీ నడిపించాడు. ఆ ముసలి చెయ్యి పెనం సెగకి బొబ్బలెక్కి గరుకుగా ఉండేది. సంఘం ముందు నిలబడ్డంతసేపూ ఆ చెయ్యి వదల్లేదు. "నీ నోటితోనే సెప్పు" అన్నాడు. చెప్పాను. మూడు మాటలు. బియ్యం నేను తీశాను. అక్క తియ్యలేదు. నేను తల ఊపాను. పెద్దమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నాకు తెలిసి ఆమె మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

తాత నన్ను అక్కడే వదిలి చాపలన్నీ దాటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. చెప్పుల పక్కన కూర్చున్న అక్క ముందు రెండు చేతులూ జోడించాడు. అంత వయసు మనిషి, సంఘ పెద్ద, ఒంగి నిలబడ్డాడు. "తప్పు తీర్పు సెప్పేనమ్మా. ముందుకి రా" అన్నాడు. తర్వాత నావైపు చెయ్యి చూపించి అడిగాడు, "ఈ గుంట తీసిందని నీకు తెలుసునా?"

"తెలుసు మావయ్యా. పళ్ళకి జీళ్ళు అంటుకునుండేవి."

"మరి సెప్పనేదేటి?"

"దాని నోటితోనే రావాలని సూసేను" అంది. మళ్ళీ తనే, "కోపం నేదనుకోకండి. సాలా కోపమొచ్చింది. ఏడ్సేను కూడా. గోడవతల గుంట ఏడవడం కూడా ఇన్నాను. అయినా సూసేను" అంది.

అక్క లేచి ముందుకొచ్చి చాపమీద కూర్చుంది. ఆమె లేచిన చోట మా తాత కూర్చున్నాడు. చెప్పుల మధ్య, ఉతికిన పంచెతో. అందరూ కంగారుపడి లేవబోయారు. ఆయన లేవనివ్వలేదు. అది రెండు బల్లలు పోగొట్టుకుంది కాబట్టి తప్పు తీర్పు చెప్పినందుకు నాకూ రెండు అన్నాడు. ఇంకోటి గుంటది అన్నాడు. నేనింకా బాప్తిస్మం తీసుకోని పిల్లని, నాకు బల్ల లేదు కాబట్టి పోగొట్టుకోవడానికీ ఏమీ లేదు. అందుకని నా వంతు ఆయన కూర్చున్నాడు. పాస్టరు గారు వచ్చి బతిమాలినా వినలేదు. మూడు నెలలు రొట్టె ఆయనదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. మూడుసార్లూ నేను చూశాను. ఆ మూడోసారి నాకోసం కూర్చున్నదని తెలిసి చూశాను. పెనం సెగకి కూడా అంత కాలలేదు నా ఒళ్ళు.

నా శిక్ష ఏమిటంటే, ఇకనుంచి శనివారం సంచులు నేనొక్కదాన్నే పోగుచెయ్యాలి. తోడు లేదు. గంప మొయ్యలేను కాబట్టి నాలుగేసి సంచులు పట్టుకుని గుడికీ ఇళ్ళకీ తిరగాలి. దొంగతనం చేసిన పిల్లకే మళ్ళీ సంచులా అని పెద్దమ్మ అడిగింది. అవును, దానికే అన్నాడు తాత.

ఆ మొదటి శనివారం నేను జన్మలో మర్చిపోను. చక్కెర మిల్లు కూత పెట్టే వేళకి బయలుదేరాను. ఒక్కో గడప ముందూ నిలబడి, దేవుడి బియ్యమమ్మా అని పిలవాలి. ప్రతి ఇల్లాలూ ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూసి, లోపలికెళ్ళి సంచి తెచ్చేది. నా కళ్ళ ముందే దాని మూతి కూడదీసి, పురికొస చుట్టి, ముడి మీద ముడి బిగించేది. ఒకామె పళ్ళతో కూడా లాగి బిగించింది. మా పేటలో దేవుడి సంచికి ముడి పడింది ఆ రోజే. అది నేను తెచ్చిన ఆచారం. ఎవరూ తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ముడి బిగించేటప్పుడు పురికొస కిర్రుమనేది, అదొక్కటే. ఇరవైమూడు గడపలు, ఇరవైమూడు ముళ్ళు. వీధిలో నా పక్కన ఎవరూ లేరు. చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. జీళ్ళవాడు గంట కొట్టుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయాడు.

చివరి గడప పక్కింటిది. చివరకి వదిలింది నేనే, భయంతో. మిగతా సంచులన్నీ గుడిలో చేర్చి వచ్చి, అక్క గుమ్మం ముందు నిలబడి, దేవుడి బియ్యం అనలేక ఊరికే నిలబడ్డాను. ఆమె లోపలినుంచి చూసింది. కుండ ఎత్తి సంచిలో పోసింది. మూతిదాకా పోసింది. గుమ్మంలోకి తెచ్చింది. నేను ముడి కోసం చూస్తూ తల వంచుకున్నాను.

ఆమె ముడి వెయ్యలేదు. కనీసం మెలి కూడా పెట్టలేదు. మూతి బార్లా తెరిచిన సంచిని అలాగే నా చేతుల్లో పెట్టింది. పైన తెల్లగా బియ్యం కనబడుతున్నాయి.

"రెండు సేతుల్తో పట్టుకో. ఒలికిపోద్ది" అంది.

అంతే. దగ్గరకి తీసుకోలేదు, కన్నీళ్ళు తుడవలేదు. తలుపు మాత్రం మూయలేదు. నేను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ముడి వేసిన సంచైతే ఊపుకుంటూ పోవచ్చు. తెరిచిన సంచి పట్టుకుని అడుగు తీసి అడుగు వెయ్యాలంటే కళ్ళు దానిమీదే ఉండాలి. ఒక్క గింజ ఒలికినా నాకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. ఏడిస్తే చెయ్యి కదులుతుందని ఏడుపు కూడా ఆపుకుని నడిచాను. గుడిలో దించేటప్పటికి చేతులు పట్టేశాయి. ఒక్క గింజ తగ్గలేదు.

నన్ను ఇల్లిల్లూ తిప్పిన తాతా, సంచి తెరిచి ఇచ్చిన అక్కా ఇద్దరూ ఒకే పని చేశారని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తాత ఆ శిక్ష వెయ్యకపోతే నేను ఆ గుమ్మం ముందుకి మళ్ళీ ఎప్పటికీ వెళ్ళేదాన్ని కాదు. గోడకి ఇవతల క్షమాపణ పెట్టుకుని, అవతల ఆమెని వదిలేసి బతికేసేదాన్ని. అలాంటి క్షమాపణ మా తాత ఇవ్వలేదు. దేవుడు కూడా ఇవ్వడనే నా నమ్మకం. శిక్ష దారిలో నడిపించి ఆ దారి చివర ఆయనే సంచి తెరుచుకుని నిలబడి ఉంటాడని నాకు తోస్తుంది. అంతకంటే శాస్త్రం నాకు తెలియదు. నరకం సంగతి నన్నడక్కండి. చెప్పుల పక్కన కూర్చున్న మా తాత సంగతి అడిగితే చెబుతాను.

ఒక్కొక్క ఇంట్లో ముళ్ళు వదులవుతూ వచ్చాయి. పెద్దమ్మ ఇంట్లో మాత్రం ఏడాది పట్టింది. ఈలోగా అక్క విశాఖపట్నంలో ఏదో హాస్టల్లో ఆయాగా కుదిరి వెళ్ళిపోయింది. బస్సెక్కే రోజు నేను దూరంగా నిలబడ్డాను. ఆమె చెయ్యి చాచే ఉంటుంది, నేనే వెళ్ళలేదు. ఆమె నన్ను క్షమించింది, అది నాకు అనుమానం లేదు. కానీ ఆ శనివారాల్లో పట్టుకున్న చెయ్యి మళ్ళీ పట్టుకోలేదు. క్షమాపణ దొరికినా కొన్ని తిరిగి రావు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి ఆమె పోయిందని చెప్పారు. ఎప్పుడు, ఎక్కడ అని అడిగితే వాళ్ళకీ తెలియదు.

ఇప్పుడు మా పేట గుడికి స్లాబు వేశారు, కుర్చీలు వచ్చాయి, మైకులు వచ్చాయి. కానుకలు ఫోన్లోనే వేసేస్తున్నారు. పిడికెడు బియ్యం తీసే ఇళ్ళు రెండో మూడో మిగిలాయి. నేను చోడవరంలో ఉంటున్నాను. ఒక్కదాని వంటకి కొలిచేదే తక్కువ, అందులోంచి పిడికెడు తీస్తే ఏం మిగులుతుందని కోడలు ఫోన్లో నవ్వుతుంది. అయినా తీస్తాను. శనివారం సాయంత్రం సంచిలో పోసుకుని, షేర్ ఆటో ఎక్కి మా పేట గుడిలో దించి వస్తాను.

మొన్న శనివారం ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే నడిపే అతను అద్దంలోంచి చూశాడు. "మామ్మగారూ, దాని మూతి కట్టీవొచ్చు గదా. ఒలికిపోద్ది" అన్నాడు.

"ఒలకదు బాబూ" అన్నాను. "రెండు సేతుల్తో పట్టుకున్నాను."